పొగయు నిప్పును – శరణాగతియు విశ్వాసమును



తర్కశాస్త్రమన్న మాట వినగానే ‘ఇది పండితుల గోల, మనకెందుకు?’ అని పుట త్రిప్పివేయువారు పెక్కుమంది కలరు. అట్టివారిని ఒక్క నిమిషము ఆగుడని ప్రార్థించుచున్నాను. ఈ వ్యాసము వాదమున గెలుపుకొరకు వ్రాసినది కాదు. చాల ఏండ్ల క్రిందట నేను సభలో పలికిన ఒక వాక్యము ఒక తల్లి గుండెలో ముల్లువలె దిగినది. ఆ వాక్యములోని దోషమును తర్కము చదివిన నేను గుర్తింపలేదు. చదువుకొనని ఆమె మాత్రము దానినుండి తీయవలసిన నిర్ణయమును తప్పు లేకుండ తీసి, ఆ బరువును తన తలపై వేసికొన్నది.

అది ధనుర్మాసము. ఒక గ్రామమున ఆలయమండపములో విభీషణశరణాగతిని ఉపన్యసించుచుంటిని. ఆవేశమున, “పరిపూర్ణమైన విశ్వాసము ఉంటే స్వామి మన మొర ఆలకింపకపోవుట లేదు. నమ్మకముంటే కోరినది చేతికి వచ్చి తీరును” అంటిని. సభ గోవిందనామముతో మారుమ్రోగినది. నాకును సంతోషమే కలిగినది. సభవారి మెప్పు అట్టిది. పలికిన మాటను తిరిగి చూచుకొననీయదు.

మరునాటి ఉదయము తిరుప్పావై సేవాకాలము ముగిసి పొంగలి పంచుచుండగా ఒక ఇల్లాలు వచ్చి చేతులు జోడించినది. ప్రసాదము తీసికొనలేదు.

“స్వామీ, మా అబ్బాయికి జ్వరం వచ్చినప్పుడు 11 రోజులు స్వామి దగ్గర దీపం కొండెక్కకుండా చూసుకున్నాను. ఆస్పత్రికీ తీసుకుపోయాం. దక్కలేదు. ఎందుకు దక్కలేదో ఇన్నాళ్లూ తెలియలేదు. రాత్రి మీరు చెప్పారు. నాకు నమ్మకం చాలలేదన్నమాట” అన్నది.

ప్రక్కనున్న ఆమె ఆడపడుచు అందుకొని, “ఆస్పత్రికి తీసుకుపోవడమే అపనమ్మకం, వదినా. బ్రహ్మాస్త్రం వేసిన చోట తాళ్లు కట్టకూడదని స్వామివారు మొన్న చెప్పలేదూ?” అన్నది. ఆమె దుష్టురాలు కాదు. ఉపన్యాసమును శ్రద్ధగా విన్నది, అంతియే.

నాకు నోట మాట రాలేదు. “సాయంకాలము మాటలాడుదము తల్లీ” అని బసకు వచ్చితిని. ఆ పగలంతయు నాకు మా పాఠశాల జ్ఞాపకమునకు వచ్చుచునే యుండెను.

మాకు తొలి తర్కగ్రంథము తర్కసంగ్రహము. దానిని రచించిన అన్నంభట్టు 17వ శతాబ్దమునకు చెందిన ఆంధ్రుడు. పర్వతముపై పొగను చూచి అచ్చట నిప్పున్నదని ఊహించుట అందలి ప్రసిద్ధోదాహరణము. ఎక్కడెక్కడ పొగయో అక్కడక్కడ నిప్పు. ఈ విడరాని సంబంధమునకు వ్యాప్తి యని పేరు. దీనికి మహానసము, అనగా వంటయిల్లు, అనుకూలమైన దృష్టాంతము. ఆలయములలో మనము మడపల్లి యనునదియు, తిరుమలలో పోటు అనునదియు అదియే. నీటిమడుగు వ్యతిరేకదృష్టాంతము: అచ్చట నిప్పు లేదు, కనుక పొగయు లేదు. మన తెలుగువారు ఇంత శాస్త్రమును ‘నిప్పు లేనిదే పొగ రాదు’ అని ఒక్క సామెతలో ఇమిడ్చినారు. (ఆ సామెతను పొరుగువారిపై నిందలు మోపుటకే వాడుచున్నారన్నది వేరు సంగతి. వారు చూచినది పొగయో, మంచో ముందు తేల్చుకొనవలెను కదా!)

ఇందు పొగ వ్యాప్యము, నిప్పు వ్యాపకము. ఏది లేనిదే రెండవది ఉండజాలదో అది వ్యాపకము. కావున రెండు త్రోవలు సురక్షితములు. పొగ ఉన్నది, కనుక నిప్పు ఉన్నది. నిప్పు లేదు, కనుక పొగ లేదు. తక్కిన రెండును గోతిలో పడవేయునవి. నిప్పు ఉన్నది కనుక పొగ ఉండవలెననుట ఒకటి. పొగ లేదు కనుక నిప్పు లేదనుట మరియొకటి. ఎర్రగా కాలిన ఇనుపగుండు ఈ రెంటికిని సమాధానము. శాస్త్రమున దానిని అయోగోళకమందురు. దానియందు నిప్పున్నది, పొగ లేదు. నేటి పిల్లలు కమ్మరికొలిమిని చూచియుండరు; వారికి ఇంటిలోని గ్యాసుపొయ్యి నీలిమంటను చూపిన చాలును.

కాశికి పోయినంతమాత్రమున ప్రతివాడును అన్నంభట్టు కాజాలడని పండితులలో ఒక లోకోక్తి కలదు. అదియు ఈ ఇనుపగుండు న్యాయమే. శాస్త్రపాండిత్యమునకు కాశీవాసము తప్పనిసరి యని ఒప్పుకొన్నను, కాశికి పోయినవాడెల్ల పండితుడగునని దానినుండి రాదు.

మా గురువుగారికి ఒక అలవాటుండెను. పాఠమైన పిమ్మట నాలుగు మాటలు చెప్పి, వీనిలో ఏది దేనికి జోడో చెప్పుడనెడివారు. ఒకనాడు ఇట్లు చెప్పిరి. ‘వాన లేనిదే పంట లేదు; పంట వచ్చినది, కనుక వాన పడినది.’ ‘నూనె లేనిదే దీపము వెలుగదు, దీపము వెలుగుట లేదు, కనుక నూనె లేదు.’ ‘నిప్పు లేనిదే పొగ లేదు, పొగ కనబడుచున్నది, కనుక నిప్పున్నది.’ ‘వాన లేనిదే పంట లేదు, పంట రాలేదు, కనుక వాన పడలేదు.’ మేమందరమును ముక్తకంఠముతో మొదటిదియు నాలుగవదియు జోడు అంటిమి. రెండును వానను గూర్చినవే కదా! గురువుగారు నవ్వి, “ఒకే రంగు పంచెలు కట్టుకొన్నంతనే అన్నదమ్ములగుదురా? పంచెను చూడకుడు, ఎముకను చూడుడు” అనిరి. మొదటిది మూడవదానికి జోడు. రెండును వ్యాప్యమును చూచి వ్యాపకమును ఊహించుచున్నవి. రెండవది నాలుగవదానికి జోడు. రెండును వ్యాప్యము లేదని వ్యాపకమును త్రోసివేయుచున్నవి. గాలికి ఆరిన దీపపు ప్రమిదలో నూనె నిండుగా ఉండవచ్చును.

పంట పోయినది కనుక వాన పడలేదన్న మాట ఎంత అపాయకరమో కృష్ణాతీరమువారికి వేరుగా చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు కోతకు వచ్చిన పైరు నాశనమైనది నీరు లేక కాదు.

వాక్యముల విషయము వేరైనను ఊహ నడచిన త్రోవ ఒకటే యగుటను గుర్తించుట పండితుల వాదములకు ప్రాణము. ప్రతిపక్షి యుక్తికి సరిగా అదే అచ్చులో మరియొక యుక్తిని పోసి, ‘నీ మాట నిలిచినచో ఇదియు నిలువవలెను, ఇది నిలువదని నీవే ఒప్పుకొందువు’ అని చూపుటకు ప్రతిబంది యని పేరు. మన వేదాంతదేశికులు న్యాయపరిశుద్ధి యను గ్రంథమునే రచించిరన్న, తర్కము భక్తికి శత్రువు కాదని తెలియుచున్నది.

ఇక ఆ తల్లి మాటకు వత్తము. ‘కోరినది రాలేదు, కనుక నమ్మకము లేదు’ అని ఆమె అన్నది. ఇది ‘పొగ లేదు, కనుక నిప్పు లేదు’ వంటిదే అని చెప్పి ఆమెను ఓదార్చవచ్చునని మొదట తోచినది. కాగితముపై వ్రాసి చూచుకొంటిని. అప్పుడు తెలిసినది, తప్పు ఆమెది కాదు! నేను సభలో చెప్పినదేమి? ‘నమ్మకము ఉంటే కోరినది వచ్చి తీరును.’ అనగా నమ్మకమును పొగ స్థానమునను, కోరినది పొందుటను నిప్పు స్థానమునను నిలిపితిని. ఆ వ్యాప్తి నిజమైనచో, కోరినది రానిచోట నమ్మకము లేదనుట సురక్షితమైన త్రోవయే. మడుగులో నిప్పు లేదు కనుక పొగ లేదనుట వంటిదే. ఆమె ఊహలో లోపము లేదు. నేనిచ్చిన వ్యాప్తియే తలక్రిందులు.

శాస్త్రము చెప్పినదేమి? శరణాగతికి ఆనుకూల్యసంకల్పము, ప్రాతికూల్యవర్జనము, కార్పణ్యము, మహావిశ్వాసము, గోప్తృత్వవరణము అని ఐదు అంగములు, ఆత్మనిక్షేపము అంగి. మహావిశ్వాసము లేనిదే శరణాగతి లేదు. విశ్వాసము ఉంటేనే శరణాగతి. ఇది అంగమా, ప్రపన్నుని స్వభావమా అను చర్చ మన రెండు సంప్రదాయములవారికిని తెలిసినదే. ఇచ్చట దాని జోలికి పోను. ఏ విధముగ చెప్పినను ఇచ్చట విశ్వాసము వ్యాపకము. శరణాగతుడైనవానియందు విశ్వాసమున్నదని చెప్పవచ్చును. విశ్వాసమున్నంతనే ఐహికమైన కోరిక యెల్ల సిద్ధించునని ఇందు ఎచ్చటను లేదు. మోక్షమును గూర్చి స్వామి ఇచ్చిన అభయము వేరు. నేను దానిని తీసికొనివచ్చి జ్వరముపైనను, పంటపైనను, పరీక్షలపైనను పరచితిని.

తెలుగున ఈ రెంటికిని నడుమనున్నది ఒక్క ఏకారము. ‘వాన పడితే పంట’ అన్నచో ఒకటి. ‘వాన పడితేనే పంట’ అన్నచో మరియొకటి. మొదటిది హామీ, రెండవది నియమము. ఇంట పెద్దలు ‘చదివితేనే ప్యాసగుదువు’ అని బిడ్డకు చెప్పుదురు. బిడ్డ తప్పినచో ‘నీవు చదువలేదు’ అని కొట్టుదురు. తామే చెప్పిన నియమమును తామే హామీగా మార్చుకొన్నారని వారెరుగరు. నేనును ఆ రాత్రి ఆ ఏకారమును మ్రింగితిని.

నా వాక్యమును పడగొట్టుటకు దూరము పోనక్కరలేదు. శ్రీమద్రామాయణముననే భరతుడున్నాడు. చిత్రకూటమునకు తల్లులతో, గురువులతో, పౌరులతో వెళ్లి రామచంద్రుని అయోధ్యకు రమ్మని వేడుకొన్నాడు. ప్రభువు వినకున్న దర్భలు పరచుకొని ఎదుట కూర్చున్నాడు. కోరినది రాముని రాక; దొరకినవి పాదుకలు. 14 సంవత్సరములు నందిగ్రామమున జటావల్కలములతో గడపినాడు. నా వాక్యము నిజమైనచో భరతునికి విశ్వాసము లేదనవలెను. అట్లు పలుకుటకు ఎవరికి నోరు వచ్చును? ప్రతిబంది యనగా ఇదియే. ఆ తల్లి మాటయు, భరతుని గూర్చిన ఈ మాటయు ఒకే అచ్చులో పోసినవి. రెండవదానిని నమ్మలేనివారు మొదటిదానిని నమ్ముటకు వీలులేదు.

ఇంకొక మాట. నిప్పునుండి పొగను ఊహించుట తప్పు కదా. మరి పొగ పుట్టుటకు నిప్పుతో పాటు ఏమి కావలెను? తడికట్టె. పొగ యున్నచోటనెల్ల తడికట్టె సంబంధమున్నది, నిప్పున్నచోటనెల్ల లేదు. దీనినే శాస్త్రమున ఉపాధి యందురు. నా వాక్యములోని ఉపాధి యేది? భగవత్సంకల్పము. కోరిక ఫలించినచోటనెల్ల స్వామి సంకల్పమున్నది. విశ్వాసమున్నచోటనెల్ల ‘ఈ కోరికను ఈ విధముగనే ఇత్తును’ అను సంకల్పము ఉండవలెనన్న నియమము లేదు. ఆ నియమమే ఉన్నచో ఈశ్వరుడు సర్వస్వతంత్రుడెట్లగును? మన విశ్వాసమనెడి మీట నొక్కగా వరము రాల్చెడి యంత్రము కావలసివచ్చును. నిన్నటి సభలో నేను స్వామి మహిమను కీర్తించితిననుకొంటిని, నిజమునకు తగ్గించితిని. పైగా విశ్వాసము లేనివాని పొలమునను ఆయన వాన కురిపించుచునే యున్నాడు. కావున ఐహికఫలము వచ్చుటనుబట్టి విశ్వాసమును లెక్కించుటయు కుదరదు, రాకపోవుటనుబట్టి లేదనుటయు కుదరదు. కలిగినవారి వాకిట నిలిచి ‘వీరెంత భక్తులో!’ అనుకొను అలవాటునకును ఇందు సమాధానమున్నది.

ఇక ఆడపడుచు చెప్పిన బ్రహ్మాస్త్రము మాట. సుందరకాండమున ఇంద్రజిత్తు హనుమంతుని బ్రహ్మాస్త్రముచే బంధించెను. రాక్షసులు అది చాలదనుకొని నారత్రాళ్లతో బిగించిరి. వేరు కట్టును సహింపని ఆ అస్త్రము వెంటనే విడిపోయినది. మన పూర్వాచార్యులు దీనిని ప్రపత్తికి దృష్టాంతముగ తీసికొన్నారు. అన్యబంధము లేనప్పుడే బ్రహ్మాస్త్రము నిలుచునట్లు, అన్యోపాయము లేనప్పుడే ప్రపత్తి నిలుచును. ఈ పోలికలో ఎముకకు ఎముక సరిపోయినది. అస్త్రము చేయు పనినే త్రాడును చేయబోయినది. అట్లే మోక్షము కొరకు స్వామినే ఉపాయముగ పట్టినవాడు మరల దానికే వేరొక ఉపాయమును వెదకినచో పట్టు సడలును.

ఆస్పత్రి ఇందెట్లు చేరినది? ఆ నియమము మోక్షోపాయమైన ప్రపత్తికి చెప్పినది. బిడ్డ ఆరోగ్యము కొరకు తల్లి వెలిగించిన దీపమునకు కాదు. పైపై పోలికయే గాని దృష్టాంతములోని హేతువు ఇచ్చట లేదు. ఇంత సూక్ష్మము అక్కరలేదన్నచో ప్రతిబంది చాలును. లక్ష్మణస్వామి రావణుని శక్తిచే మూర్ఛిల్లినప్పుడు సుషేణుడు ఓషధులు తెమ్మనెను, హనుమంతుడు పర్వతమునే పెకలించి తెచ్చెను, ఆ ఓషధి వాసనచే లక్ష్మణుడు లేచెను. సాక్షాత్తు రాముడు ఎదుట నుండగనే వైద్యము జరిగినది. వైద్యుని పిలుచుట అపనమ్మకమైనచో ఆ అపనమ్మకము రామశిబిరమునకును అంటవలెను. నా ఉపన్యాసమున బ్రహ్మాస్త్రమును చెప్పినప్పుడు సుషేణుని గూడ చెప్పియుండవలసినది. చెప్పలేదు. వినువారు సగము దృష్టాంతముతో ఇంటికి పోయిరి. జ్వరము వచ్చినచో ముందు వైద్యునియొద్దకు పొండు, స్వామి ఎచ్చటికిని పోడని ఇప్పుడు ప్రతి ఉపన్యాసముననూ చెప్పుచున్నాను.

‘లేనిదే లేదు’ అను మాటలనన్నిటిని పరీక్షింపకనే ఒప్పుకొనుడనియు నేననుట లేదు. మన యిండ్లలో ఇట్టివి మరికొన్ని చెల్లుచున్నవి. స్నానము లేనిదే, మడి లేనిదే శరణాగతి లేదని పెద్దవయసువారిని, మంచము పట్టినవారిని భయపెట్టుట చూచితిని. ‘లేనిదే లేదు’ అనుదానిని పడగొట్టుటకు అది లేకయు సిద్ధించిన ఒక్క చోటు చాలును. కౌరవసభలో ద్రౌపది రజస్వల, ఏకవస్త్ర. స్నానము చేసి వచ్చినది కాదు. విభీషణుడు సముద్రము దాటి వచ్చి ఆకసముననే నిలిచి శరణన్నాడు. ముందు మునుగుమని ఎవరును అనలేదు. శ్రీవచనభూషణమున పిళ్లైలోకాచార్యులు ప్రపత్తికి దేశకాలాదినియమములు లేవని చెప్పినది ఇట్టివారిని చూపియే. ఆచారమును విడువుమనుట కాదు. ఆచారము మంచిదే, ఉండవలసినదే. అది శరణాగతికి వ్యాపకము కాదు, అంతే.

సాయంకాలమున ఆ యింటికి నేనే వెళ్లితిని. అరుగుపై కూర్చుంటిని. ఆడపడుచును గూడ పిలువుమంటిని. వ్యాప్యము, వ్యాపకము అను మాటలు ఎత్తలేదు. ముందు, “నిన్న రాత్రి నేను చెప్పినది తప్పమ్మా” అంటిని. పిదప భరతుని కథ చెప్పితిని, సుషేణుని కథ చెప్పితిని. ఆ యింట కమ్మరపని చేయు బంధువు ఒకడు ఉండుట మంచిదైనది. కాలిన ఇనుమున పొగ లేకున్నను నిప్పు ఉండుటను అతడే వివరించినాడు, నాకంటె బాగుగ.

ఆమె చాల సేపు ఊరకున్నది. పిమ్మట, “అయితే స్వామీ, మా అబ్బాయి ఎందుకు పోయాడు?” అన్నది.

“నాకు తెలియదు తల్లీ” అంటిని. తర్కముచే ఒక అపరాధము ఆమెది కాదని చూపగలిగితిని. కారణము చూపుటకు అది చాలదు. ఆమె యెదుట కర్మసిద్ధాంతమును విప్పుటకు నాకు మనసొప్పలేదు. నేటికిని అది సరియైనదేనని నా అభిప్రాయము.

“నమ్మకం లేక కాదు కదా?”

“కాదు. 11 రోజులు దీపము కొండెక్కనీయనిది నమ్మకము కాక మరేమి?”

ఆడపడుచు లోనికి వెళ్లి, ఉదయము ఆలయమునుండి తాను తెచ్చిన పొంగలి దొన్నెను తెచ్చి వదినగారి చేతిలో పెట్టినది. “ఈ మాట ఆ మైకులోనే చెప్పండి స్వామీ, అందరూ విన్నారు కదా” అని నాతో అన్నది. ఆ రాత్రి ఉపన్యాసమును విభీషణునితో మొదలుపెట్టలేదు. నిన్నటి నా వాక్యమును మరల చదివి, అది తప్పని చెప్పి, చిత్రకూటముతో మొదలుపెట్టితిని.